ఎర్రబారిన ఉండలు

బుకిట్ సెరాయ్ తోట, ఆరో లైను,
16 జూలై 1989.

తంగరాసు అన్నకు,

నీ చెల్లెలు అంజలై నమస్కారాలు. అందరూ క్షేమమని మొదటి వాక్యంలో లేకపోతే అది ఉత్తరమే కాదని నాకు నేర్పింది నువ్వే కాబట్టి రాస్తున్నాను. పూంగొడి క్షేమం. నేను బతికే ఉన్నాను. ఈ ఇంట్లో ఇప్పుడు ఉన్నది ఇద్దరమే కనుక అందరూ క్షేమమనే అనుకో. ఈ ఉత్తరం ఓడ ఇంజను పక్కన నిలబడి చదవకు. డ్యూటీ దిగాక ఎక్కడైనా కూర్చుని చదువు.

మీరీ రేవులో నువ్వు పోస్టు చేసిన ఉత్తరం నాకు చేరడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. చాలా ప్రశ్నలు అడిగావు. ఒక్కొక్కదానికీ జవాబు రాస్తాను. పాకియం వదిన చావు గురించి తోట మీద ఫిర్యాదేమీ లేదని కంపెనీ నీకు పంపిన కాగితం మీద సంతకం పెట్టాలా వద్దా అని అడిగావే, దానికి మాత్రం ఆఖర్న చెబుతాను. అది ముందే చెబితే మిగతాది నువ్వు చదవవు. అప్పటిదాకా ఆ కాగితం పెట్టెలోంచి తీయకు.

పూంగొడి తింటోందా అన్నావు. రొట్టె మైలో పాలలో ముంచి ఇస్తే తింటుంది. అన్నం పెడితే పళ్ళెం నెట్టేస్తుంది. ఉడుకునీళ్ళు పోసి తల రుద్దుతుంటే ఏడవదు, అదే నాకు భయంగా ఉంది. నాలుగేళ్ళ పిల్ల, వాళ్ళమ్మ రుద్దితే లైనులో ఇళ్ళన్నింటికీ వినపడేలా అరిచేది. అమ్మ ఏదని అడిగితే కావేరి పెద్దమ్మ తెలివిగా "అమ్మ మీ నాన్న ఓడెక్కి పోయింది" అని చెప్పింది. ఇప్పుడు నువ్వొస్తే ఇద్దరూ దిగుతారని చూస్తోంది. నేను కాదనలేదు.

నిప్పు ఎవరు పెట్టారని అడిగావు. సిన్నప్పన్ చిన్నాన్న పెట్టాడు. టెలిగ్రాము నీకు తొమ్మిది రోజులకు గాని అందలేదని నువ్వు రాశాకే తెలిసింది. ఇక్కడ అందరూ నువ్వు రాలేదనే అన్నారు. పదహారో రోజు కూడా ఆయనే చేశాడు. వదినకు నువ్వు పెనాంగ్‌లో కొన్న ఆకుపచ్చ చీర కట్టాం. బిడ్డను పక్కనే పెట్టాం. మగబిడ్డ. పోలికలు ఎవరివని అడిగావు. చూడలేదని రాద్దామనుకున్నాను, అబద్ధం ఎందుకు, చూశాను. నీ చెవులే. అంచులు లోపలికి మడిచిపెట్టినట్టు ఉంటాయే, అచ్చం అలాగే.

ఎలా జరిగిందని అడిగావు. జూన్ నాలుగు, ఆదివారం పొద్దున. ఇంకా రెండున్నర నెలలు ఉండగానే నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని పనిలేకుండానే బిడ్డ బయటికొచ్చాడు, ఏడవలేదు. ఆ తర్వాత రక్తం ఆగలేదు. ఆడవాళ్ళు కాన్పులు చూసినవాళ్ళే అందరూ, కావేరి పెద్దమ్మ తనే ఏడుగురిని కన్నది, అయినా ఆ రక్తం చూసి వెనక్కి తగ్గింది. "గడ్డకట్టట్లేదే, నీళ్ళలా పోతోందే" అన్నది. ముక్కులోంచి కూడా వచ్చింది అన్నా. గోరు గీరుకున్న చోట, దోమ కుట్టిన చోట కూడా. తోట వ్యాను రైలుగేటు దాటకముందే అయిపోయింది. తోట ఆసుపత్రిలో డాక్టరు పని చూసే డ్రెస్సర్ కాగితం మీద "రక్తహీనత, కాన్పు కష్టం" అని రాశాడు. రక్తం లేని మనిషికి అంత రక్తం ఎక్కడినుంచి వచ్చిందిరా అని నేను వాడి బల్ల మీద చెయ్యి వేసి అడిగాను. నన్ను బయటికి పంపేశాడు.

ఇక నా పని. ఇంకా ఆ పిట్టలతోనే ఉన్నావా అన్నావు. ఉన్నాను. నువ్వు ఓడెక్కినప్పుడు నేను ఇంకా నూనెతాటి గింజలు ఏరేదాన్ని కనుక ఈ పని నీకు సరిగా తెలియదు. చెబుతాను, ఎందుకంటే ఇది తెలియకపోతే తర్వాతిది అర్థం కాదు.

తోటలో తాటిచెట్ల మధ్య గుంజలు పాతి వాటి మీద నలభై పెట్టెలు పెట్టారు. తెల్లగూబలు వాటిలో ఉంటాయి. గూబ ఎలుకను నమలదు, మింగేస్తుంది. మాంసం అరిగాక బొచ్చూ ఎముకలూ లోపలే ఉండలా చుట్టుకుని నోట్లోంచి కక్కేస్తుంది. నీ బొటనవేలంత ఉంటుంది. ఆ రోజు కక్కినదైతే వార్నిష్ పూసినట్టు నల్లగా మెరుస్తుంది, వారం పోతే బూడిదరంగుకు తిరుగుతుంది. ప్రతి సోమవారం నేను నిచ్చెన వేసుకుని ఒక్కో పెట్టె కింద, లోపలా ఉన్న ఉండలు ఏరి, సంచి మీద పెట్టె నంబరు రాసి, ఎండబెట్టి, సూదితో విప్పుతాను. ఒక్కో ఎలుకకు కింది దవడ రెండు ముక్కలుంటుంది, ఎడమదీ కుడిదీ. వాటిని జతపెడితే ఎన్ని తిన్నదో తెలుస్తుంది. పళ్ళ అరుగుదల చూస్తే పిల్ల ఎలుకో ముసలిదో తెలుస్తుంది. గూబ ఎన్ని ఎలుకలు తింటుందో తేలితే ఎలుకల మందు ఎంత పెట్టాలో తేలుతుందని యూనివర్సిటీ వాళ్ళ లెక్క. రొహానా అని ఒక మలాయి పిల్ల మూడు నెలలు మన తోటలో ఉండి ఈ పని మొదలుపెట్టి, చదువు ముగించుకుని పోతూ తన బొమ్మల పుస్తకం నాకిచ్చింది. ఇంగ్లీషు పుస్తకం. ఆరో తరగతి ఇంగ్లీషుతో, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఏడాది పట్టింది నాకు. ఇవాళ చుంచు దవడనూ ఎలుక దవడనూ కళ్ళు మూసుకుని వేలితో తడిమి చెప్పగలను. ఈ తోటలో ఆ పని చేయగలిగేది నేనొక్కదాన్నే. దొర చేయలేడు, ఆఫీసు రాతలు రాసే కిరాణి చేయలేడు.

గొప్ప చెప్పుకుంటున్నానని అనుకోకు. ఆ గొప్పే నన్ను తినేసింది. అది కింద రాస్తాను.

నువ్వు అడిగిన ఇంకో మాట. గ్యాంగులకు మేస్త్రీ అయిన మండోర్ రాయప్పన్ నీకు ఉత్తరం రాశాడన్నావు. అంజలై గూబ కక్కిన ముద్దలు ఇంట్లోకి తెచ్చి ఎండబెట్టింది, ఆ దోషం నీ పెళ్ళానికి తగిలింది, అందుకే కడుపుతో ఉన్న మనిషి పోయిందని రాశాడన్నావు. నిజమేనా అని అడిగావు. రాయప్పన్‌కు తన పేరు రాయడం రాదు అన్నా. వాడు వేలిముద్ర మనిషి. ఆ ఉత్తరం ఎవరు రాసిచ్చారో తర్వాత నీకే తెలుస్తుంది.

కానీ లైనులో ఆ మాట అన్నది వాడొక్కడే కాదు. శవం ఇంట్లో ఉండగానే మొదలుపెట్టారు. నేను వదిన కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాను. వెనకనుంచి ఒకావిడ అంటోంది, "రేకుల మీద ఎండబెడుతుందంట, పక్కనే బట్టలు ఆరేస్తారంట. చావుపిట్ట వాంతి పక్కన చంటిబిడ్డ గుడ్డలు ఆరేస్తే ఏమవుతుంది మరి?" ఇంకొకావిడ, "పెళ్ళి కాని పిల్లకు ఆ పని ఎందుకమ్మా. గూబ కళ్ళలోకి చూసి చూసి దాని కళ్ళు కూడా అట్లాగే అయినయ్." నేను లేచి నిలబడి అన్న నీచమైన మాటలన్నీ ఇక్కడ రాయలేను. "మీ బుర్రల్లో ఎలుకలు పిల్లలు పెట్టినయ్, మీ బుర్రల్ని నా గూబలకు వేస్తే కడుపు నిండా తింటాయి, పోండి బయటికి" అన్నాను. శవం ముందు. కావేరి పెద్దమ్మ నా చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టింది. "అరవకే. అరిస్తే నిజమనుకుంటారు" అంది.

నేను ఎందుకంత అరిచానో ఆమెకు అప్పుడు తెలియదు. ఇప్పుడు నీకు చెబుతున్నాను. ఈ ముక్క మూడుసార్లు రాసి చింపాను.

వదిన చేసే పని నీకు తెలుసు. ఎలుకమందు గ్యాంగు. షెడ్డులో డ్రమ్ము దగ్గర ఆరుగురు ఆడవాళ్ళు నూకలు, ఎండురొయ్యల పొడి, మందు పొడి చేత్తో కలిపి, కరిగించిన మైనం పోసి, చల్లారాక ముక్కలు కోసి చెట్టుకొకటి పెడతారు. పదేళ్ళుగా నీలం మందు. ఆ నీలం వదిన గోళ్ళలో ఎప్పుడూ ఉండేది, పూంగొడికి అన్నం కలిపితే ముద్దకు నీలం అంటేది, మనం నవ్వుకునేవాళ్ళం. దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

ఫిబ్రవరిలో మందు ఎర్రగా మారింది. ఆడవాళ్ళు అడిగితే కిరాణి దొరైసింగం, "అదే మందమ్మా, కంపెనీవాడు రంగు మార్చాడు. చీరలకు మార్చరా మీరు?" అన్నాడట. వదిన ఇంటికొచ్చి ఆ జోకు నాకు చెప్పి నవ్వింది. పాత కొలడబ్బాతోనే కొలిచి, పాత లెక్కనే కలిపారు.

మార్చి మొదటి సోమవారం పదకొండో పెట్టెలో ఉండలు విప్పితే బొచ్చు ఎర్రగా ఉంది. ఎలుక కడుపులోని మందు రంగు. నీలం కూడా అప్పుడప్పుడు కనిపించేది, అది రాయడానికి రొహానా రిజిస్టరులో "రంగు" అని ఒక గడి గీసింది. ఎరుపు అని రాశాను. రెండో సోమవారం ఉండ ఉండలా లేదు, మెత్తగా జావలా విడిపోయింది, లోపల రక్తం. మూడో సోమవారం అదే పెట్టెలో తల్లిగూబ రెక్కలు పరుచుకుని కూర్చుంది, నేను చెయ్యి పెడితే కూడా లేవలేదు. ముక్కు కొసన రక్తపు చుక్క. ఈకలు తీసి చూస్తే ఒళ్ళంతా కమిలిపోయి ఉంది. నా చేతిలోనే పోయింది. కింద నాలుగు పిల్లలు అప్పటికే చచ్చి ఉన్నాయి.

నీలం మందు పదేళ్ళు గూబలను ఏమీ చేయలేదు. ఎర్రమందు మూడు వారాల్లో చంపింది. మందు తిన్న ఎలుకను తింటేనే గూబ రక్తం గడ్డకట్టకుండా చస్తుంటే, ఆ మందు ఎంత ఘోరమైనదో చెప్పడానికి ఏ పుస్తకమూ అక్కర్లేదు.

రిజిస్టరు పట్టుకుని దొరైసింగం దగ్గరికి పోయాను. నిజంగా కోపంగానే పోయాను అన్నా, అంతవరకు నేను మంచిదాన్నే. అతను రిజిస్టరు తిప్పి చూసి అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అంజలై, నువ్వు ఉండలు విప్పుతూ టైము వేస్టు చేస్తున్నావు. ఒక్కోటీ సూదితో గీకితే ఎప్పటికయ్యేది? స్టోర్లో కాస్టిక్ సోడా ఉంది. నీళ్ళలో కలిపి నానబెట్టు. బొచ్చంతా కరిగిపోతుంది, ఎముకలు తెల్లగా మిగులుతాయి. దవడలు లెక్కపెట్టి రాయి, చాలు. పెద్ద పెద్ద పరిశోధన ఆఫీసుల్లో అట్లాగే చేస్తారు."

"రంగు గడి సంగతి అయ్యా?"

"బొచ్చు లేనప్పుడు రంగెక్కడిది? ఆ గడి అడ్డంగా గీత కొట్టు." అని తాళంచెవి నా ముందు పెట్టి, "జూలైలో పరిశోధన ఆఫీసులో ఒక పోస్టు ఉంది. బల్ల, కుర్చీ, తెల్లకోటు. నీ పేరు పంపుదామని దొరతో అన్నాను. పనిలో చురుగ్గా ఉందని చెప్పాలిగా మరి" అన్నాడు.

కాస్టిక్ సోడా కోసం స్టోరులోకి పోయాను. అక్కడ మూలన గోనెపట్టా కింద కొత్త డబ్బాలు కనిపించాయి. లోపల ఎర్రపొడి. డబ్బా మీద ఒక చెయ్యి బొమ్మ, దాని మీద అడ్డంగా గీత. పక్కన పుర్రె. చదువు రాని మనిషికి కూడా అర్థమయ్యే బొమ్మ. అందుకే డబ్బా ఇక్కడ దాచి, పొడిని పాత డబ్బాల్లో పోసి షెడ్డుకు పంపిస్తున్నారు. కింద చిన్న అక్షరాలున్నాయి. తోటలో వాటిని చదవగలిగిన కూలి నేనొక్కదాన్నే. చదివాను. చర్మానికి తగలకూడదు. కడుపుతో ఉన్నవాళ్ళు ముట్టకూడదు. పాత మందు ఎంత కలుపుతారో ఇది అందులో పదోవంతు కూడా కలపకూడదు.

మార్చి ఇరవై ఒకటి. మంగళవారం. వదినకు అప్పుడు నాలుగో నెల నిండుతోంది.

నేను ఏం చేశానో తెలుసా అన్నా? కాస్టిక్ సోడా డబ్బా తీసుకుని, తలుపు తాళం వేసి, తాళంచెవి కిరాణికి ఇచ్చి వచ్చేశాను.

ఆ సాయంత్రం వదిన కుళాయి దగ్గర పళ్ళు తోముకుంటోంది. ఉమ్మితే ఎర్రగా పడింది. నేను అన్నాను, "వదినా, షెడ్డునుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కో." అదే, అంతే. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు.

వదిన నవ్వింది. "అబ్బో, చావుపిట్ట వాంతి పిసికే చేతులు నాకు చెబుతున్నాయా? నువ్వు కడుక్కో ముందు, సోపు సగం నీకే అయిపోతోంది."

"ఆ గ్యాంగు మానేస్తే ఏం?"

"మానేస్తే ఈ ఇల్లు ఎవడిస్తాడే? గ్యాంగులో పేరుంటేనే ఇల్లు. నీ గూబ ఇస్తుందా పెట్టె ఒకటి, నేనూ పూంగొడీ పోయి కూర్చుంటాం." నీళ్ళు నా మీద చల్లింది. నేను కూడా నవ్వాను.

డబ్బా మీద ఏముందో అప్పుడు చెప్పి ఉండొచ్చు. చెబితే ఆమె ఊరుకునేది కాదు. కావేరి పెద్దమ్మకు చెబుతుంది, ఆరుగురూ కిరాణి గది ముందు కూర్చుంటారు, ఎవరు చదివి చెప్పారని అడుగుతారు, నా పోస్టు పోతుంది. జూలై దాకా ఆగుదాం, నేను ఆ ఆఫీసులో చేరాక లోపలినుంచే చెబుతాను, అప్పుడు నా మాటకు విలువ ఉంటుంది అనుకున్నాను. ఇంత చక్కగా ఆలోచించాను అన్నా. నిఘంటువు పెట్టుకుని నేర్చుకున్న బుర్ర కదా.

ఏప్రిల్, మే రెండు నెలలు ఉండలన్నీ కాస్టిక్ సోడాలో వేశాను. బొచ్చు కరిగి నీళ్ళు లేత ఎరుపుకు తిరిగేవి, కాలవలో పారబోసేదాన్ని. ఎముకలు ముత్యాల్లా తెల్లగా వచ్చేవి. దొర చూసి వెరీ గుడ్ అన్నాడు. తొమ్మిది పెద్దగూబలు చచ్చాయి, పిల్లల్ని లెక్కపెట్టలేదు. వాటిని కోసిన తాటిమట్టల గుట్టల కింద నా చేతులతో పూడ్చాను. రిజిస్టరులో ఆ పెట్టెల ఎదురుగా "గూబలు వలస పోయినవి" అని రాశాను. తెల్లగూబ ఇల్లు వదిలి వలస పోదు. ఆ సంగతి తెలిసినదాన్ని కూడా ఇక్కడ నేనొక్కదాన్నే.

ఇంట్లో వదిన చేతుల మీద కమిలిన మచ్చలు లేచాయి. గుంజకు కొట్టుకున్నానంది. మోకాళ్ళు వాచాయి. నెలలు కదా అంది. ముక్కులోంచి రక్తం వచ్చింది. వేడి చేసిందంది, మజ్జిగ తాగింది. నేను ఒక్కో మచ్చా చూశాను. అవన్నీ అంతకుముందు ఈకల కింద చూసినవే.

అందుకే అన్నా, నా గూబల వల్లనే వదిన పోయిందా అని నువ్వు అడిగినదానికి నా జవాబు ఇది. లైనులో వాళ్ళు అన్నది పిచ్చిమాట. ఆ పిట్టకు దోషమేమీ లేదు, అది అందరికన్నా ముందు చచ్చి మరీ నాకు చెప్పింది. కానీ అంజలై వల్ల పోయిందా అంటే, అవును.

ఇప్పటికి నువ్వు ఈ కాగితం నలిపేసి ఉంటావు. నలిపినా చదువు, ఇంకా ఉంది.

వదిన పోయాక కూడా నేను నోరు తెరవలేదు. నెలా పది రోజులు. ఏం చేశానంటే అందరినీ తిట్టాను. డ్రెస్సర్‌ను, రాయప్పన్‌ను, పూజారిని, వానను. లైనులో నన్ను చూస్తే పిల్లలు పక్కకు తప్పుకుంటున్నారు. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. "నువ్వు చదువుకున్నదానివి, నువ్వు పెట్టమంటే సంతకం పెడతాను, వద్దంటే పెట్టను" అని రాశావు. ఆ వాక్యం చదివాక నాకు అన్నం దిగలేదు.

నిన్న శనివారం పొద్దున పది గంటలకు షెడ్డుకు పోయాను. ఆరుగురు ఆడవాళ్ళు అప్పుడే కలపడం ఆపి టీ తాగుతున్నారు. వదిన చోటులో కొత్తగా పెళ్ళయిన పిల్ల ఒకతి కూర్చుని ఉంది. అందరి చేతులూ మణికట్ల దాకా ఎర్రగా ఉన్నాయి, ఆ చేతులతోనే రొట్టె తుంచుకుంటున్నారు.

"పెద్దమ్మా, ఆ రొట్టె కింద పడెయ్" అన్నాను.

"ఎందుకే? నీ గూబలకు కావాలా?" కావేరి పెద్దమ్మ. అందరూ నవ్వారు.

నేను స్టోర్లోంచి ఒక డబ్బా తెచ్చాను. తాళం రాయితో కొట్టి తీశాను, దొంగతనమనే అనుకో. చెయ్యి బొమ్మ వాళ్ళకు చూపించాను. తర్వాత డబ్బా మీది అక్షరాలు ఒక్కొక్క వాక్యం మన మాటలో చదివాను. కడుపుతో ఉన్నవాళ్ళు అనే వాక్యం చదివాను. మళ్ళీ చదివాను. కొత్తపెళ్ళికూతురు రెండు చేతులూ ఒంటికి దూరంగా చాపి అలాగే ఉండిపోయింది, అవి తనవి కానట్టు.

కావేరి పెద్దమ్మ లేచి నా దగ్గరికొచ్చింది. "ఇది నీకెప్పుడు తెలుసు?"

"మార్చిలో."

"మార్చిలోనా? పాకియం బతికున్నప్పుడా?"

"అవును."

చెంప మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. మూడోది కొట్టబోయి చెయ్యి దించేసి పక్కకు తిరిగి ఉమ్మింది. ఆ ఉమ్మిలో ఎరుపు ఉంది. అది మందో రక్తమో నాకు తెలియదు, ఆమెకూ తెలియదు.

"చేతులు కడుక్కోండే" అంది మిగతావాళ్ళతో. "ఇంక ఆ డ్రమ్ములో ఎవరు చెయ్యి పెట్టినా ఇరగ్గొడతా."

ఆరుగురూ తొట్టి దగ్గరికి పోయారు. చాలాసేపు కడుక్కున్నారు. గోళ్ళలోది పోవడం లేదు.

పదకొండింటికి దొరైసింగం వచ్చాడు. డ్రమ్ము చుట్టూ ఎవరూ లేరు. నా చెంప చూశాడు, డబ్బా చూశాడు. అరవలేదు. దానికే నాకు అసహ్యం వేసింది. "ఏమ్మా అంజలై, పిచ్చి పట్టిందా? ఎవరికి చూపిస్తావు ఇదంతా? నీ రిజిస్టరులో ఎక్కడైనా ఎరుపని ఉందా? మార్చి పేజీలు తడిసిపోయి తీసేశాం కదా. తర్వాత అన్నీ తెల్ల ఎముకలే. నీ చేత్తోనే రాశావు, గూబలు వలస పోయాయని. దొరకేం చూపిస్తావు? పాకియం మొగుడు సంతకం పెట్టి పంపితే ఆ ఇల్లు నీకూ ఆ పిల్లకూ ఉంటుంది, పోస్టు కూడా ఉంటుంది. లేకపోతే నెలాఖరుకు ఖాళీ చేయండి. నీ అన్నకు అదే రాయి, నీ దస్తూరీ బాగుంటుంది."

రాస్తున్నాను కదా. అదే రాస్తున్నాను. రాయప్పన్ పేరుతో నీకు ఉత్తరం రాసిచ్చిన చెయ్యి కూడా ఇతనిదే.

అతను అన్నది నిజం అన్నా. సాక్ష్యం అడిగితే నా దగ్గర ఏమీ లేదు. ఎర్రబొచ్చు కరిగిపోయింది, కరిగించింది నేను. పూడ్చిన గూబలు వానకు కుళ్ళిపోయాయి, ఇవాళ పొద్దున తవ్వి చూశాను, ఈకలూ ఎముకలే. వదినను కాల్చేశాం. ఈ తోటలో ఆ రెండు నెలలు ఏం జరిగిందో చూసినది ఇక నేనొక్కదాన్నే, నేను రాసిందంతా అబద్ధం. లేబర్ ఆఫీసులో నిలబడి చెబితే వాళ్ళు మొదట అడిగేది, మరి అప్పుడెందుకు అబద్ధం రాశావు అని. పోస్టు కోసమని చెప్పాలి. కావేరి పెద్దమ్మ ముందు, దొరైసింగం ముందు, గుమాస్తా రాసుకుంటుంటే చెప్పాలి. చెబుతాను. పెద్దమ్మ, ఆ కొత్తపిల్ల వేలిముద్రలు వేస్తామన్నారు, తమ గోళ్ళు చూపిస్తామన్నారు. మంగళవారం పోతున్నాం.

ఇప్పుడు నీ కాగితం. సంతకం పెడితే పూంగొడికి ఇల్లుంటుంది. రేకుల ఇల్లే, వానొస్తే కారే ఇల్లే, అయినా అది పుట్టిన ఇల్లు. పెట్టకపోతే నెలాఖరున మేం ఎక్కడుంటామో తెలియదు. సిన్నప్పన్ చిన్నాన్న వాకిట్లో చోటు ఇస్తానన్నాడు, వాళ్ళావిడ ఇవ్వనంది. నువ్వు సంతకం పెడితే నేను మంగళవారం చెప్పేదంతా పిచ్చిపిల్ల మాట అవుతుంది, మొగుడికే లేని ఫిర్యాదు నీకెందుకమ్మా అంటారు.

సంతకం పెట్టకు.

నాకు ఇది అడిగే అర్హత లేదని తెలుసు. సంతకం పెట్టవద్దని చెప్పడానికి చదువు అక్కర్లేదు, నేను అడుగుతున్నది చదువుకున్నదానిగా కూడా కాదు. వదిన దేనివల్ల పోయిందో నీకు ఇప్పుడు తెలుసు, అది తెలిసి కూడా రక్తహీనత అనే మాట కింద నీ పేరు ఉండకూడదు. నన్ను ఏం చేయాలన్నది వేరే సంగతి. ఓడ దిగి వచ్చాక నీ ఇష్టం. ఇంట్లోకి రావద్దంటే రాను, ముందు మనకు ఇల్లుండాలి కదా. పూంగొడిని నా దగ్గర ఉంచనంటే పెద్దమ్మ తీసుకుంటానంది, ఆమెనే అడుగు. నేనేమీ అనను. ఒక్కటి మాత్రం, వాళ్ళమ్మ ఓడలో లేదని పిల్లకు నువ్వే చెప్పాలి. నేను ఇక ఆ పిల్లకు ఏ అబద్ధమూ చెప్పలేను, నిజం చెప్పడానికి నోరూ రావడం లేదు.

ఇట్లు,
పాకియం చేతి అన్నం పదకొండేళ్ళు తిని, ఆమెకు సబ్బు సంగతి తప్ప ఇంకేమీ చెప్పని
నీ చెల్లెలు,
అంజలై.